ఏడు గ్లాసుల పాఠం

ఒక మనిషి గురించి కాగితం మీద తప్పు రాసి ఉంటే, అది తప్పని చెప్పే కాగితం కూడా ఒకటి ఎక్కడో ఉండాలి. నేను ఇది రాయడానికి కారణం అదే. ఆమె పోయి నాలుగు నెలలైంది. ఆమె కూతురి ఇంట్లో, రేకు పెట్టె అడుగున, మడతల దగ్గర చిరిగిన చీటీ ఒకటి ఉంది. కార్ఖానా వాళ్ళు ఇచ్చింది. ఆమె పేరు, టోకెన్ నంబరు, వాటి కింద "వినికిడి లోపం కారణంగా పరీక్ష బల్ల నుండి మార్చడమైనది" అన్న ఒక్క వాక్యం. ఆ చీటీ రాసిన రోజున ఆమెకు ఏ లోపమూ లేదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న కార్ఖానాలలో ఆమెకన్నా బాగా వినగల మనిషిని నేను చూడలేదు. ఆ సంగతి ఎరిగినవాళ్ళు చాలామంది సొంత ఊళ్ళకు పోయారు. కార్ఖానా మూతబడింది. చెప్పడానికి మిగిలినవాణ్ణి నేనే. పైగా ఆ చీటీలోని మాట మొట్టమొదట వచ్చింది నా నోటినుంచే.

పేరు రాయవద్దని కూతురు అడిగింది. కాబట్టి షెడ్డులో అందరం పిలిచినట్టే అక్క అంటాను.

మా కార్ఖానాలో కరెంటు స్తంభాల మీద తీగలను పట్టి ఉంచే పింగాణీ ఇన్సులేటర్లు తయారయ్యేవి. మట్టినీ రాతిపొడినీ నూరి, అచ్చు పోసి, ఆరబెట్టి, బట్టీలో కాల్చేవారు. చల్లారిన ప్రతి ముక్కా అక్క బల్ల మీదికి వచ్చేది. ఎడమచేతి వేళ్ళు రెండు దాని రంధ్రంలోకి దూర్చి, కింద ఏమీ ఆనకుండా గాలిలో వేలాడదీసేది. కుడిచేతిలో జానెడు తుమ్మకర్ర. దాని కొసకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉండేది. ఒక్క దెబ్బ, అదీ మెల్లగా. ఆ తరువాత తల ఎడమవైపు కొద్దిగా వంచి నేలకేసి చూసేది. ముక్క గంటలాగా మోగి, సాగి, సన్నబడి ఆగిపోయేది. అప్పుడు దాన్ని కుడివైపు పెట్టేది. మోత మధ్యలోనే చతికిలబడితే సుద్దముక్కతో సున్నా చుట్టి ఎడమవైపు పెట్టేది. సున్నా చుట్టిన ముక్కను కంటితో ఎంత వెతికినా పగులు కనబడేది కాదు. నీలం మందు నీళ్ళలో ముంచి తీస్తే అప్పుడు వెంట్రుక మందాన గీత తేలేది.

ఇందులోని శాస్త్రం నేను తరువాత పటాన్‌చెరు శాఖా గ్రంథాలయంలో చదివాను. గట్టి ముక్కను కొడితే అది మొత్తంగా కంపిస్తుంది. పగులుంటే ఆ రెండు అంచులూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, కంపించే శక్తి అక్కడే ఖర్చయిపోతుంది, మోత చస్తుంది. అక్క ఏ పుస్తకమూ చదవలేదు. ఆమెది లక్డారం. కార్ఖానాకు రాకముందు పొలాల్లో కూలికి పోయేది. ఎండలు ముదరకముందే ఊరి ఆడవాళ్ళు నీళ్ళకు రంజన్లు కొనడానికి సంతకు పోతూ ఆమెను వెంట తీసుకుపోయేవారట. ఆమె వేలి కణుపుతో కొట్టి ఇది కొనుక్కో, ఇది వద్దు అని చెప్పేది. కుండలు అమ్మేవాళ్ళు ఆమెను దూరం నుంచి చూసి "ఇగో, వచ్చింది డాక్టరమ్మ" అని మొహం మాడ్చుకునేవారని ఆమే చెప్పి నవ్వేది.

పనిలో ఉన్నప్పుడు కుడిచేతి గాజులను మోచేతి దగ్గరికి తోసి గుడ్డపేలికతో కట్టేసుకునేది. "ఇవి నాకంటె ముందు మాట్లాడుతయి" అనేది. బల్ల చుట్టూ మూడు వైపులా గోనెసంచులు వేలాడదీయించుకుంది. షెడ్డులో కంప్రెసర్ మోత అంతా ఇంతా కాదు. గోనె ఆ మోతను కొంత తాగేస్తుందని ఆమెకు తెలుసు. ముక్క మోగుతున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే తుమ్మకర్ర పైకెత్తి చూపేది. "ఆగు. దాన్ని చెప్పనీయ్." సూపర్‌వైజర్ వచ్చినా అదే మాట. పెద్ద ఆఫీసర్లు చూడటానికి వచ్చిన రోజు కూడా అదే. వాళ్ళు నిజంగానే నోళ్ళు మూసుకుని నిలబడ్డారు.

పని అయిపోయినా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. టీ గ్లాసు చేతికొస్తే గోరుతో ఒకసారి తట్టేది. కొబ్బరికాయ, ఖాళీ డబ్బా, బస్సు రేకు, ఏదైనా అంతే. ఇస్నాపూర్ హోటల్లో ఒకసారి ప్లేటును తట్టి "దీనికి రోజులు దగ్గరవడ్డయి" అంది. హోటలాయనకు కోపం వచ్చింది. "తినడానికొచ్చినవా, జాతకాలు చెప్పడానికొచ్చినవా?" అన్నాడు. మరుసటి వారం ఆ ప్లేటు వేడి సాంబారుకు రెండుగా విచ్చుకుంది. అప్పటినుంచి కొత్త సామాను కొంటే ఆయనే ఆమెను పిలిచేవాడు.

నేను పక్కనే ప్యాకింగులో పనిచేసేవాణ్ణి. అక్క కుడివైపు పెట్టినవి ఎండుగడ్డిలో చుట్టి చెక్కపెట్టెల్లో సర్దడం నా పని. పదో తరగతి తప్పాను. తప్పిన కసితోనేమో, చదవడం మానలేదు. ఆదివారం పొద్దున పటాన్‌చెరు గ్రంథాలయం తలుపు తీసేసరికి గుమ్మంలో ఉండేవాణ్ణి. అక్కడ దొరకనిదాని కోసం సంగారెడ్డి జిల్లా గ్రంథాలయానికి బస్సెక్కేవాణ్ణి. శబ్దం మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. మొత్తం మూడున్నర. నాలుగోదానికి సగం పేజీలు లేవు. ఇస్నాపూర్‌లో నేను కిరాయికి ఉండే గది ముందు వసారాలో, ఆదివారం మధ్యాహ్నాలు కార్మికుల పిల్లలు పదకొండు మందికి సైన్సు చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు. నాకే అలా అనిపించింది. ఆ పిల్లలు సార్ అనడం విని కార్ఖానాలో కూడా కొందరు నన్ను మాస్టరూ అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళు ఎగతాళికి అన్నా నాకు బాగానే ఉండేది.

టీ విరామంలో అక్కకు పాఠం చెప్పేవాణ్ణి.

"అక్కా, సప్పుడంటే ఏందో ఎరుకేనా? వస్తువు వణుకుడు. సెకనుకు ఎన్నిసార్లు వణికితే గంత కీచుగ ఉంటది. దాన్ని పౌనఃపున్యం అంటరు."

"వణుకుడు నీకు కనబడ్తదా తమ్మీ?"

"కనబడది. పుస్తకంల ఉంది."

ఆమె ఒక ముక్కను మోగించి నా చూపుడువేలు పట్టుకుని దాని అంచుకు ఆనించింది. వేలి కొసన తేనెటీగ కదిలినట్టయింది. మోత ఆగిపోయింది.

"సచ్చింది సూడు. నీ యేలే సంపింది" అంది. "గీ వణుకుడేనా నువ్వనేది?"

మరొకసారి వాళ్ళ ఊరి పక్కన రాళ్ళ క్వారీలో తోటాలు పేల్చడం గురించి చెప్పింది. పేలుడు చప్పుడుకన్నా ఒక్క రవ్వ ముందే ఇంట్లో గోడకు ఆనించిన వీపుకు అది తెలుస్తుందట. "ముందు గోడ చెప్తది. ఆ ఎనుక గాలి చెప్తది." నాకు ఒళ్ళు పులకరించింది. గాలిలోకన్నా రాతిలో, మట్టిలో శబ్దం వేగంగా పోతుందని అప్పటికి వారం కింద చదివాను.

"అక్కా, నువ్వన్న మాట అచ్చం పుస్తకంల ఉన్నది."

"పుస్తకం మా ఊరికెప్పుడొచ్చింది?" అని అడిగింది. ఆమె వెక్కిరించిందో నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇలాంటి మనిషిని పిల్లలకు చూపించాలని నాకు కోరిక పుట్టింది. చూపించడమంటే అసలు సంగతి వేరు. ఆమె కొడుతుంటే పక్కన నిలబడి ఇందులో శాస్త్రం ఇదీ అని నేను వివరించాలి. ఒక ఆదివారం రమ్మన్నాను. ఒప్పుకుంది.

ఆ రోజు పాఠం సంగీత స్వరాలు. నేను చదివిన పుస్తకంలో వరసగా నిలబెట్టిన సీసాల బొమ్మ ఉంది. నీళ్ళు పోసేకొద్దీ సీసాలో గాలి స్తంభం పొట్టిదవుతుంది, కాబట్టి స్వరం కీచుదనం పెరుగుతుంది అని దాని కింద రాసి ఉంది. ఆ సీసాలను మూతి దగ్గర ఊదాలి. నాకు ఏడు సీసాలు దొరకలేదు. హోటలాయన ఏడు గాజు గ్లాసులు ఇచ్చాడు. గ్లాసును ఊదితే పలకదు. సరే, చెంచాతో కొడదాం అనుకున్నాను. ఊదినా కొట్టినా శబ్దం శబ్దమే కదా. ఇంట్లో ఒకసారి కొట్టి చూసుకోవాలని కూడా తోచలేదు. పుస్తకంలో ఉన్నదాన్ని మళ్ళీ చూసుకోవడమేమిటి?

మొదటి గ్లాసులో వేలెడు నీళ్ళు, ఏడోదానిలో అంచుదాకా పోసి వరస పెట్టాను. గోడ మీద బొగ్గుతో రాశాను: నీళ్ళు పెరిగితే కీచుదనం పెరుగును. పిల్లలు నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. అప్పుడు చెంచా అక్క చేతికిచ్చి, "స నుంచి ని దాకా కొట్టక్కా, మెట్లెక్కినట్టు పోతది" అన్నాను.

ఆమె గాజులు పైకి తోసుకుంది. మొదటిది కొట్టింది. రెండోది. మూడోది. నాలుగోదాని దగ్గర ఆగి నావైపు చూసింది. మళ్ళీ మొదటినుంచి ఏడూ కొట్టింది.

"తమ్మీ, ఉల్టా చెప్పినవ్. మెట్లు దిగుతున్నయి. నీళ్ళు వోస్తే బరువైతది, బరువైతే మెల్లగ వణుకుతది. నువ్వే చెప్పినవ్ గద, మెల్లగ వణికితే సప్పుడు బొంగురని."

"లేదక్కా. పుస్తకంల స్పష్టంగ ఉంది."

"పుస్తకానికి చెవులున్నయా?"

పిల్లలు గొల్లున నవ్వారు. వాళ్ళు నవ్వింది ఆ మాట కొత్తగా ఉన్నందుకే కావచ్చు. నాకు మాత్రం నా మీద నవ్వినట్టనిపించింది. ఆమె మరోసారి కొట్టడానికి చెంచా ఎత్తింది. నేను చెంచా అందుకున్నాను.

"సూడుర్రి" అన్నాను పిల్లలతో. "కార్ఖానా మోతల ఎక్కువ ఏండ్లు పనిచేస్తే చెవుల లోపల ఉండే సన్న వెంట్రుకలు దెబ్బతింటయి. అప్పుడు హెచ్చు తగ్గు తెల్వదు. పాపం అక్కది తప్పు కాదు."

మోతలో చెవి దెబ్బతినడం నిజమే, పుస్తకంలో ఉన్నదే. ఆమె విషయంలో మాత్రం నేను ఆడింది అబద్ధం. నాకూ వినబడింది. ఏడు గ్లాసులూ మెట్లు దిగుతున్నట్టే మోగాయని నాకు ఆ రోజే, ఆ వసారాలోనే వినబడింది.

అక్క గాజులు కిందికి దించుకుని, "పొద్దువోతుంది, బస్సు దొరకది" అని లేచింది. గోడ మీద రాసింది అలాగే ఉంది.

మరునాడు టీ దగ్గర సూపర్‌వైజర్‌తో పాటు పదిమందిమి ఉన్నాం. ఇస్నాపూర్ సంగతి అప్పటికే పాకింది.

"ఏమయ్యా మాస్టరూ, నిన్న నీ క్లాసుల అక్కనే పాఠం చెప్పిందంట గద" అన్నాడు సూపర్‌వైజర్. "ఇగ నువ్వు కింద కూసోని నేర్సుకో. గ్రంథాలయం బంద్ చెయ్."

అందరూ నవ్వారు. అక్క లేదు. గోనెల వెనక పనిలో ఉంది.

"అక్కకు చెవులు మందగించినయి సార్" అన్నాను. "హెచ్చుకు తగ్గుకు తేడా తెలుస్తలేదు. ఇన్నేండ్లు గీ షెడ్డుల ఉంటే ఎవలికైనా గంతే."

ఆయన నవ్వు ఆపి గ్లాసు కింద పెట్టాడు. "నిజమేనా?"

ఆ వారమే మా సరుకు ఒక లారీ తిరిగి వచ్చింది. పెట్టెలు విప్పితే చాలా ముక్కలకు పగుళ్ళు. బల్ల మీద పరీక్షలో తప్పాయా, ప్యాకింగులో గడ్డి తక్కువై దారిలో దెబ్బతిన్నాయా అని ఆఫీసులో అడుగుతున్నారు. వానలకు గడ్డి తడిసిపోయి, ఆ లోడుకు మేము పలచగానే సర్దామని నాకు తెలుసు. సూపర్‌వైజర్ నిజమేనా అని అడిగినప్పుడు అదంతా నా తలలో ఉందా లేదా అని చాలాసార్లు ఆలోచించుకున్నాను. ఉంది.

"పుస్తకంల ఉంది సార్" అన్నాను.

రెండు రోజుల తరువాత సూపర్‌వైజర్ అక్క వెనక నిలబడి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. కంప్రెసర్ నడుస్తోంది. ఆమె ముక్కను మోగించి వింటోంది. పెద్ద మోతలో చిన్న మాట మునిగిపోతుందనీ, చెవి ఒకదాని మీద నిలిచినప్పుడు ఇంకొకటి దానికి అందదనీ తెలుసుకోవడానికి గ్రంథాలయం అక్కరలేదు. మూడుసార్లు పిలిచాడు. ఆమె తిరగలేదు. అదే ఆమెకు పెట్టిన పరీక్ష. సాయంత్రానికి చీటీ వచ్చింది.

"పిలిస్తే పలుకలేదంట" అంది నా దగ్గరికి వచ్చి. "నేను ముక్కను ఇంటున్న. ఆయనను ఇంటే ముక్కనెవలు ఇంటరు?" మళ్ళీ తనే, "తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. ఆఫీసుల జెర చెప్పు, నాకు మంచిగనే ఇనబడ్తదని. నీ మాటైతే ఇంటరు" అంది.

"చెప్తక్కా" అన్నాను.

చెప్పలేదు. ఆమెను మిల్లు గదికి మార్చారు. అక్కడ మనిషి ఎత్తు ఇనుప పీపాల్లో మట్టినీ రాతిపొడినీ పోసి, వాటితో పాటు గుండ్రాళ్ళు వేసి తిప్పుతారు. పొద్దంతా ఇనుము మీద రాళ్ళు దొర్లుతూనే ఉంటాయి. గుమ్మంలో నిలబడితే పక్కనున్నవాడి పెదాలు కదలడం కనబడుతుంది, మాట వినబడదు. నేను ఒకసారి దూది తీసుకెళ్ళి ఇచ్చాను. అంత మోతకు దూది ఏమాత్రం పనికిరాదని కూడా నాకు తెలుసు. ఆమె తీసుకుని కొంగుకు ముడేసుకుంది.

మూడు వారాల తరువాత గ్రంథాలయంలో అదే పుస్తకం మళ్ళీ తీశాను. సీసాల బొమ్మ ఉన్న పేజీ తిప్పాను. తరువాతి పేజీ మొదటి పేరాలోనే ఉంది: పాత్రను కొట్టినప్పుడు కంపించేది గాలి కాదు, పాత్రే. నీళ్ళు చేరేకొద్దీ దాని కంపనం మందగించి స్వరం తగ్గుతుంది. ఆమె అన్న మాటే, కొంచెం పెద్ద పదాలతో. నేను ముందే ఆ పేజీ తిప్పి ఉంటే చాలు. ఆ ఆదివారం పిల్లలు వచ్చారు. గోడ మీద బొగ్గు రాతను తడిగుడ్డతో తుడిచేశాను. తప్పు చెప్పానని మాత్రం చెప్పలేదు. కాంతి పాఠం మొదలుపెట్టాను.

ఆ తరువాత ఏడాదికి నేను ఆ కార్ఖానా వదిలి రుద్రారం దగ్గర ఇంకో కంపెనీలో స్టోర్స్‌లో చేరాను. అక్కను అప్పుడప్పుడు పటాన్‌చెరు బస్‌స్టాండులో చూసేవాణ్ణి. మొదట్లో నేను పిలిస్తే తిరిగేది. తరువాత తరువాత భుజం తట్టాల్సి వచ్చింది. ఒక రోజు టీ గ్లాసు అందుకుని గోరుతో తట్టింది. ఏం వినబడలేదేమో, ఇంకాస్త గట్టిగా తట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఆ తరువాత ఆమె దేన్నీ తట్టడం నేను చూడలేదు.

అక్కను చివరిసారి చూడటానికి లక్డారం వెళ్ళింది ఆమె పోవడానికి ఏడాది ముందు. కార్ఖానా మూసేసి చాలాకాలమైంది. బడి సైన్సు మాస్టరు దగ్గర శృతిదండం అడిగి తీసుకెళ్ళాను. రెండు కొమ్ములున్న ఇనుప చువ్వ అది, కొడితే ఒకే స్వరం పలుకుతుంది. దాన్ని మోగించి పిడిని చెవి వెనక ఎముకకు ఆనిస్తే, చెవి బయటి దారి మూసుకుపోయిందో లోపలి నరమే చెడిందో కొంత తెలుస్తుందని చదివాను. దారి మూసుకుపోయి ఉంటే వైద్యం ఉంటుంది. నాకు ఆ ఆశ ఉండింది.

అక్క వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బాగా చిక్కిపోయింది. నేను కూతురికి చెబితే, కూతురు ఆమె ముందుకొచ్చి పెదాలు పెద్దగా కదిలిస్తూ, చేతులతో చూపిస్తూ చెప్పేది. శృతిదండం మోగించి ఆమె చెవి వెనక పెట్టాను. ఆమె తల ఎడమకు వంచి నేలకేసి చూసింది. చాలాసేపు అలాగే ఉంది.

"చక్కిలిగిలి పెడ్తుంది" అంది. "సప్పుడైతే లేదు."

లోపలి వెంట్రుకలు పోతే తిరిగి రావు. ఆ మాట నేను వసారాలో పదకొండు మంది పిల్లలకు చెప్పినదే.

అప్పుడు చెప్పాలనుకున్నది చెప్పడం మొదలుపెట్టాను. నేను దానికి సిద్ధపడి రాలేదు. నా మాటలు ఆమెకు నేరుగా అందవు. ప్రతి మాటా కూతురి నోటి మీదుగా పోవాలి. ఆ కూతురికి అప్పటిదాకా ఈ సంగతేదీ తెలియదు. గ్లాసుల గురించి చెప్పాను, ఆమె చూపించింది. పుస్తకం తరువాతి పేజీ గురించి చెప్పాను, చూపించింది. టీ దగ్గర సూపర్‌వైజర్‌తో నేనన్న మాట చెప్పాను. కూతురి చేతులు ఆగిపోయాయి.

"నువ్వా?" అంది నన్ను చూసి.

"నేనే."

"మా అమ్మ తొమ్మిదేండ్లు ఆ మిల్లుల చేసింది. మా పెండ్లి బాజాలు గూడ ఇనలేదు."

 అక్క మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూతురి మోకాలు తట్టింది. "ఏందట? చెప్పు."

కూతురు చెప్పడానికి చాలాసేపు పట్టింది. మొదటిసారి అర్థం కానట్టుంది, రెండోసారి చెప్పింది. అక్క చింతపండు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. నన్ను చూసింది. చెవులు పోయినవాళ్ళ గొంతు అదుపులో ఉండదు కదా, వీధిలోకి వినబడేంత గట్టిగా అడిగింది.

"ఆ పిల్లలకు చెప్పినవా మల్ల?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"గా పదకొండు మంది. ఉల్టా రాసుకున్నరు గద. వాళ్ళకు చెప్పినవా?"

లేదని తల ఊపాను. ఆమె చింతపండు మళ్ళీ ముందుకు లాక్కుంది. కాసేపటికి కూతురితో, "ఛాయ్ వెట్టు" అంది. కూతురు లేవలేదు. నేను కూడా ఉండలేదు.

అప్పటినుంచి ఆదివారాలు ఆ పిల్లలను వెతకడానికే పోయాయి. వాళ్ళిప్పుడు పిల్లలు కారు. ఒక్కొక్కరి దగ్గరికి రెండు గ్లాసులు, చెంచా సంచిలో వేసుకుని వెళ్ళాను. తొమ్మండుగురు దొరికారు. ఒకరు నాందేడ్ వైపు వెళ్ళారని విన్నాను, ఒకరి జాడ తెలియలేదు. తొమ్మిదో మనిషికి చెప్పి, ఇక అక్కకు చెబుదామని లక్డారం బయలుదేరిన రోజున, ఊరి స్టాపులో బస్సు దిగగానే తెలిసింది ఆమె మూడు రోజుల కిందనే పోయిందని.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు ఇక్కడ చెప్పుకోవాలి. నడుస్తున్న మొబైల్ దుకాణాన్ని పావుగంట ఆపి, గ్లాసులు తనే కొట్టి చూసి, "సార్, నాకు ఆ రోజే దిగుతున్నట్టు ఇనబడ్డది, మీరన్నరని ఎక్కినట్టు రాసుకున్న" అని చెప్పిన ఇస్నాపూర్ నర్సింలుకు. తన బడిలో ఎనిమిదో తరగతికి ఇన్నేళ్ళూ అదే తప్పు చెబుతూ వచ్చానని నా ముందే ఏడ్చి, మర్నాడే పిల్లలను కూర్చోబెట్టి దిద్దిన టీచరు సువర్ణకు. వినడానికి ఇష్టపడకపోయినా చివరిదాకా విన్న యాదయ్యకు. సంగారెడ్డిలో ఉన్న లక్ష్మికి, ఆమె భర్త శంకరయ్యకు. కొండాపూర్ పొలంలో చెట్టు కింద నీళ్ళ చెంబు తెచ్చిచ్చిన మల్లేశంకు. "ఇప్పుడెందుకు సార్ ఇదంతా" అని అడిగిన రాములమ్మకు. షరీఫ్‌కు, ఎల్లయ్యకు, అంజయ్యకు, అతని తల్లి మాణెమ్మకు. శృతిదండం ఇచ్చిన సైన్సు మాస్టరు విఠల్‌కు. పాత పుస్తకాన్ని గోదాములోంచి వెతికి తీసిన గ్రంథాలయం అటెండరు సాయిలుకు నా కృతజ్ఞతలు.

చివరగా, పేరు రాయవద్దన్న ఆమె కూతురికి. రేకు పెట్టె తెరిచి చీటీ చూపించింది. ఈ కాగితాలన్నీ నా చేత చదివించుకుని విన్నది. "ఆ పిల్లలకు చెప్పినవా మల్ల" అన్న మాట తరువాత, ఆమె నన్ను క్షమించిందని నేను ఒక వాక్యం రాసుకున్నాను. కూతురు అక్కడ ఆపింది. "అది మా అమ్మ అనలే. నువ్వనుకున్నవ్. కొట్టెయ్" అంది. కొట్టేశాను.